ప్రాగ్ ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో గడియారం చూశాక ఇంకేం చూడాలి?

గంటకోసారి బొమ్మలు కదిలే ఆ గడియారాన్ని చూశాక ఓల్డ్ టౌన్ స్క్వేర్‌లో ఇంకా ఆగవలసిన పని ఉందా అని అడిగారు. ప్రాగ్‌లో ఉద్యోగం చేస్తూ, వచ్చిన బంధుమిత్రులందరినీ అక్కడికి తీసుకువెళ్లే వ్యక్తిగా నా అభిప్రాయం చెబుతాను: ఆగవలసిన చోటు ఆ గడియారమున్న టౌన్ హాల్ తూర్పు గోడ పక్కనే ఉంది.

అక్కడి నేలలో 27 తెల్లని శిలువలు పొదిగి ఉన్నాయి. 1620లో వైట్ మౌంటెన్ యుద్ధంలో కాథలిక్ హాబ్స్‌బర్గ్ రాజవంశపు సేనల చేతిలో ఓడిపోయిన బొహీమియా (నేటి చెక్ దేశంలోని ప్రాంతం) తిరుగుబాటు నాయకులలో 27 మందికి 1621 జూన్ 21న ఈ స్క్వేర్‌లోనే మరణశిక్ష అమలు చేశారు. 1600లో ఇదే నగరంలో జనం ఎదుట శవాన్ని కోసి శరీర నిర్మాణాన్ని వివరించిన వైద్యుడు యాన్ యెసెనియస్ కూడా వారిలో ఒకడు. తల నరికే ముందు ఆయన నాలుక కోశారు.

ఒక శీతాకాలపు ఉదయం అక్కడ బడిపిల్లలు ఒక్కో శిలువ దగ్గర ఒక్కొక్కరుగా నిలబడి ఉండగా, వారి ఉపాధ్యాయురాలు గోడ మీది ఫలకంలోని పేర్లను పైకి చదువుతోంది. ఒక చిన్న పాప తన శిలువ మీద పేరుకున్న మంచును చేతి తొడుగుతో తుడిచి, తన వంతు పేరు వినబడగానే నిటారుగా నిలబడింది. అంతలో గొడుగు పైకెత్తి పట్టుకున్న ఒక గైడ్, గంట కొట్టేలోగా గడియారం ముందుకు చేరాలన్న ఆత్రంతో తన గుంపును ఆ పిల్లల మధ్యలోంచే నడిపించుకుపోయాడు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఇలాంటివారే, గడియారం చేసిన హనుష్ కళ్లు పొడిపించారన్న కట్టుకథను చరిత్రగా చెబుతుంటారు. నిజానికి 1410లో దానిని తయారు చేసినవాడు కదాన్ ఊరికి చెందిన మికులాష్.

ఆ గోడ పక్కనున్న ఖాళీ స్థలాన్ని కూడా చూడండి. 1945 మే నెలలో, నాజీలపై ప్రాగ్ ప్రజలు తిరగబడినప్పుడు, జర్మన్ల కాల్పులకు టౌన్ హాల్ తూర్పు భాగం తగలబడిపోయింది. గడియారం కూడా కాలిపోయినా మరమ్మతు చేసి 1948లో మళ్లీ నడిపించారు. భవనం కోసం మాత్రం ఎన్ని డిజైన్ల పోటీలు పెట్టినా ఏదీ కట్టలేదు. కట్టకూడదనే నేనంటాను.

దానికి ఎదురుగా కాథలిక్ చర్చిని ఎదిరించిన యాన్ హుస్ విగ్రహమూ (1915లో ఆవిష్కరించారు), దగ్గరలోనే మేరీమాత స్తంభమూ ఉన్నాయి. 1650 నాటి ఆ స్తంభాన్ని, హాబ్స్‌బర్గ్ పాలనకు గుర్తుగా భావించి, చెకోస్లోవాకియా స్వాతంత్ర్యం ప్రకటించిన కొద్ది రోజులకే 1918 నవంబరు 3న జనం కూల్చేశారు. 2020లో నకలును నిలబెట్టారు. ఆ పునఃప్రతిష్ఠను నేను సమర్థిస్తాను. మతసంస్కర్త హుస్, కాథలిక్కుల మేరీమాత ఒకే చోట నిలబడి ఉంటేనే, ఈ దేశం శతాబ్దాలుగా దేనికోసం కొట్టుకుందో చూసినవారికి అర్థమవుతుంది.