ఫాస్టర్ కేర్ పిల్లలకు బట్టలు సేకరించే ముందు ఒక ఫోన్ చేయండి

డల్లాస్ దగ్గర మీ కమ్యూనిటీలో ఇరవై తెలుగు కుటుంబాలు కలిసి ఫాస్టర్ కేర్ పిల్లలకు, అంటే సొంత ఇంట్లో ఉండే వీల్లేక ప్రభుత్వం వేరే కుటుంబాల దగ్గర ఉంచే పిల్లలకు, బట్టలు సేకరిద్దామనుకుంటున్నాం, మన పిల్లలకు పొట్టయిపోయినవి ఇవ్వొచ్చా అని అడిగారు కదా. మేం మూడేళ్లుగా ఇదే పని చేస్తున్నాం. మొదటి ఏడాది సంగతి వింటే నవ్వుతారు.

వాట్సాప్ గ్రూపులో "బట్టలు తెచ్చి మా గరాజ్‌లో పెట్టండి" అని ఒక్క మెసేజ్ పెట్టాను. రెండు వారాలకల్లా కారు పెట్టుకునే చోటు లేదు. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వీధిలోకి రాగానే మన అమ్మలు బీరువాలు ఖాళీ చేసేవారు చూడండి, అచ్చం అలాగే. మరకల టీషర్టులు, జిప్పు పోయిన ప్యాంట్లు, ఎవరి పాపదో మొదటి పుట్టినరోజు పట్టు పరికిణీ కూడా! నేనూ మావారూ నాలుగు శనివారాలు వాటిని వేరుచేస్తూ కూర్చున్నాం. తీరా వాటిని ఇవ్వాల్సిన ఆఫీసుకు ఫోన్ చేస్తే, "కొత్తవే తీసుకుంటామండీ" అన్నారు. ఆ ఫోనేదో ముందే చేసి ఉండాల్సింది.

టెక్సస్‌లో చాలా సీపీఎస్ (పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం) ఆఫీసుల్లో రెయిన్‌బో రూమ్ అని ఒక గది ఉంటుంది. ఊళ్లోని వాలంటీర్లే దాన్ని నింపుతుంటారు. ఏ అర్ధరాత్రో పిల్లల్ని ఇంట్లోంచి తీసుకురావాల్సి వస్తే కేస్‌వర్కర్ (ఆ పిల్లల బాగోగులు చూసే ఉద్యోగి) అక్కడినుంచే బట్టలు, డైపర్లు, కారు సీటు తీసుకుంటారు. మీకు దగ్గర్లో ఉన్నదేదో కనుక్కుని, ఈ నెల ఏ వయసుకు, ఏ సైజు కావాలో అడగండి. ఒక్కోచోట ఒక్కో పద్ధతి. వాడినవైనా బాగుంటే తీసుకునే ఫాస్టర్ క్లోజెట్లు (ఈ పిల్లలకు ఉచితంగా బట్టలిచ్చే గదులు) కొన్ని చర్చిల్లో ఉంటాయి. మీ పిల్లలకు పొట్టయినవి అక్కడ అడిగి చూడండి.

అసలు చెప్పాల్సింది పెద్దపిల్లల గురించి. షాపుకెళ్తే అందరి చెయ్యీ రెండు మూడేళ్ల పిల్లల 2టీ, 3టీ సైజు గౌన్ల మీదికే పోతుంది, ముద్దొస్తాయి మరి. పదమూడు నుంచి పదిహేడేళ్ల వాళ్ల అరలేమో బోసిగా ఉంటాయి. ఆ వయసువాళ్లకని మమ్మల్ని అడిగినవి బాక్సర్లు, స్పోర్ట్స్ బ్రాలు, సాక్సులు, బొమ్మల్లేని నల్ల హుడీలు. లోదుస్తులు దానమివ్వడమంటే మనవాళ్లకు మొహమాటం. గ్రూపులో ఆ మాట రాయడానికి నేనే రెండు రోజులు తటపటాయించాను. ఇప్పుడు మా లిస్టులో మొదటి లైనే అది. రెండో ఏడాది నేను యూనికార్న్ హుడీ కొంటే తొమ్మిదో గ్రేడ్ చదివే మా అమ్మాయి, "అమ్మా, ఇది నాకిస్తే నేను వేసుకుంటానా?" అంది. అప్పటినుంచి పెద్దపిల్లలవన్నీ తనే ఎంచుతుంది, కొన్నిటికి బదులు గిఫ్ట్ కార్డులు పెడతాం, నచ్చింది వాళ్లే కొనుక్కుంటారని.

బట్టలతో పాటు డఫెల్ బ్యాగులు కూడా మీ కుటుంబాలను అడగండి. ఒక ఇంటినుంచి ఇంకో ఇంటికి మారేటప్పుడు ఆ పిల్లల సామానంతా చెత్త సంచిలో వేసి పంపడం ఈ దేశంలో ఎప్పటినుంచో ఉన్నదే. పన్నెండేళ్ల పిల్లాడికి అదెలా ఉంటుందో ఆలోచించండి.

ఇప్పుడు ఒక్కో కుటుంబానికి ఒక్కో లైను ఇస్తున్నాం: "పద్నాలుగేళ్ల అబ్బాయి, మీడియం, షూ 9" ఇలా. గరాజ్ ఖాళీగానే ఉంటోంది. కొనడం మాత్రం ఆగస్టు మొదట్లో వచ్చే ట్యాక్స్ ఫ్రీ వీకెండ్‌లో. ఒక్కోటీ 100 డాలర్ల లోపుంటే చాలావరకు బట్టలకు, బూట్లకు సేల్స్ ట్యాక్స్ ఉండదు. మా దగ్గర అది 8.25 శాతం కాబట్టి ఇరవై కుటుంబాల బిల్లు మీద బాగానే మిగులుతుంది. ధర చీటీ కత్తిరించండి, సైజు చీటీ ఉంచండి, గిఫ్ట్ రసీదు జతచేయండి.

"పిల్లలకు మన చేత్తో ఇచ్చి ఒక ఫొటో దిగుదాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. కుదరదని మొదటి మెసేజ్‌లోనే రాసేయండి. ఆ పిల్లల వివరాలు గోప్యం. మేం అట్టపెట్టెల పక్కన నిలబడి దిగుతాం.

ఆ పట్టు పరికిణీ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఎవరిచ్చారో గుర్తులేదు, గ్రూపులో అడగాలంటే మొహమాటంగా ఉంది.