మావాడు గేమ్‌లు హ్యాక్ చేస్తున్నాడు, కంప్యూటర్ అమ్మేయాలా?

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మగారు రాశారు. వాళ్ళబ్బాయి తొమ్మిదో తరగతి, సీబీఎస్ఈ. ఇంట్లో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ ఉంది, అందులో ఈఏ క్రికెట్ 07 అనే పాత గేమ్ ఆడతాడట, ఆడటం తక్కువ, దాన్ని విప్పి మార్చడం ఎక్కువ. చీట్ ఇంజిన్ అని, నడుస్తున్న గేమ్‌లో అంకెలు మార్చే సాఫ్ట్‌వేర్ ఏదో వేసుకుని పరుగులు మార్చేస్తాడు, ఆటగాళ్ళ జెర్సీలు మార్చేస్తాడు. ఇప్పుడు పాతపట్నంలో ఉండే వాళ్ళ బావ, బీజీఎంఐ అనే ఆన్‌లైన్ షూటింగ్ గేమ్‌కి కూడా హ్యాక్ పెట్టివ్వరా డబ్బులిస్తా అంటున్నాడట. ఒడియాలో, సోషల్‌లో మార్కులు పడిపోయాయి. "మావారు కంప్యూటర్ అమ్మేద్దాం అంటున్నారు, రేపు పోలీసులు ఇంటికొస్తే మా గతేంటి, అసలు దీనివల్ల వీడికి భవిష్యత్తు ఏమన్నా ఉందా" అని అడిగారు.

అమ్మా, ముందు కంప్యూటర్ సంగతి. అమ్మకండి. పోలీసుల సంగతి కింద చెప్తాను, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

వాడు చేస్తున్న పని ఏంటో ఒక్కసారి దగ్గర్నుంచి చూడండి. బ్యాట్స్‌మన్ 12 పరుగుల మీద ఉన్నాడనుకోండి. చీట్ ఇంజిన్‌లో 12 అని కొడితే మెమరీలో 12 ఉన్న చోట్లన్నీ వేలకు వేలు వచ్చి పడతాయి. వాడు గేమ్‌లోకెళ్ళి ఫోర్ కొడతాడు, స్కోరు 16 అవుతుంది, వచ్చి ఇందాకటి వాటిల్లో ఇప్పుడు 16 అయినవి ఏవి అని వెతికితే కొన్నే మిగుల్తాయి, ఒక సింగిల్ తీసి 17 చేసి మళ్ళీ వెతుకుతాడు, చివరికి ఒకటో రెండో అడ్రస్‌లు, అంటే మెమరీలో ఆ స్కోరు ఉన్న చోట్లు, తేలతాయి, అక్కడ 300 అని రాస్తే ట్రిపుల్ సెంచరీ. అనుమానం పెట్టుకోవడం, పరీక్షించడం, కానివాటిని తీసేయడం, రేపు ప్రోగ్రామర్ అయ్యాక బగ్ పట్టుకునేటప్పుడు చేసేది కూడా ఇదే. గేమ్ మూసి తెరిస్తే చాలాసార్లు ఆ అడ్రస్ మారిపోతుంది, ఎందుకు మారిందిరా అని వాడు తల బద్దలుకొట్టుకుంటాడు చూడండి, అడ్రస్‌లని దాచుకునే పాయింటర్లు అనే పాఠం సరిగ్గా అక్కడ మొదలవుతుంది, బీటెక్‌లో సీ లాంగ్వేజ్ చెప్పేటప్పుడు చాలామంది పిల్లలు బెదిరిపోయే చాప్టర్ అది. అంకె మరీ పెద్దది ఇస్తే మైనస్‌లోకి ఎందుకు పోయింది అని ఎప్పుడో అడుగుతాడు. మైనస్ అంకెలకి కూడా చోటిస్తే నాలుగు బైట్లలో పట్టే పెద్ద అంకె 2,147,483,647, అది దాటితే కిందనుంచి మొదలు. ఇది ఎవరో బోర్డు మీద రాస్తే గుర్తుండదు, సొంత స్కోరు చెడిపోతే జన్మలో మర్చిపోడు.

ఆ క్రికెట్ గేమ్ గురించి ఇంకో మాట చెప్పాలి. అది 2006లో వచ్చింది, ఐపీఎల్ మొదలైందే 2008లో. కంపెనీ ఆ సిరీస్ అక్కడితో ఆపేసింది. మరి ఈ రోజుక్కూడా పిల్లలు అందులో ఐపీఎల్ ఎలా ఆడుతున్నారు? కుర్రాళ్ళే ఫైళ్ళు విప్పి, జెర్సీలు, మొహాలు, రోస్టర్లు, షాట్లు మార్చి ప్యాచ్‌లు చేసి ఒకరికొకరు పంచుకున్నారు, ఎలా విప్పాలో కొత్తవాళ్ళకి ఓపిగ్గా చెప్పారు. ఫీజు లేదు, సార్ లేడు, సర్టిఫికెట్ లేదు. ఒకడు అడుగుతాడు, ఇంకొకడు చెప్తాడు, పని చెయ్యకపోతే మళ్ళీ అడుగుతాడు. నేను బరంపురంలో నెట్ సెంటర్లో జీటీఏ వైస్ సిటీ అనే గేమ్ ఆడిన రోజుల్లో మా బ్యాచ్ కూడా ఇలాంటిదే. పాంజర్ అని టైప్ చేస్తే ట్యాంక్ వస్తుందని నోట్‌బుక్‌లో రాసుకుని తిరిగేవాళ్ళం, తర్వాత ఒక అన్న డేటా ఫోల్డర్‌లో హ్యాండ్లింగ్ అనే ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూపించాడు. ప్రతి బండికీ ఒక లైను, బరువెంత, స్పీడెంత అన్నీ అంకెలే, ఏ అంకె దేనికో పైనే రాసుంది. అంకె మార్చాం, బండి ఎగిరింది. నా కళ్ళు అక్కడ తెరుచుకున్నాయి, ఆ బ్యాచ్‌లో కొంతమంది ఇవాళ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నారు.

కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్ ఇలా పుట్టిందే, ఇద్దరు కుర్రాళ్ళు 1999లో హాఫ్ లైఫ్ గేమ్‌ని మార్చి చేసుకున్న మోడ్ అది, మరుసటి ఏడే హాఫ్ లైఫ్ చేసిన వాల్వ్ కంపెనీ తీసుకుంది. వాళ్ళ బావ ఆడే బీజీఎంఐకి మూలమైన పబ్జీ చేసిన బ్రెండన్ గ్రీన్ కూడా అంతకుముందు ఫొటోలు తీసుకుంటూ వెబ్‌సైట్లు చేసుకునే మనిషి, వేరేవాళ్ళ గేమ్‌కి మోడ్ చేస్తూనే పైకొచ్చాడు. అందరూ అలా అవుతారని నేననను, దారి మాత్రం ఉన్నదే.

కాబట్టి ఈ ఆదివారం వాడి పక్కన కూర్చుని, ఇదెలా చేశావురా నాకు చెప్పు అని అడగండి, మీవారిని కూడా కూర్చోబెట్టండి. అమ్మకి అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి నిజంగా వచ్చినట్టే. ఎవరో చేసిన ఫైలు దించుకుని డబుల్ క్లిక్ చేశాను అంటే మాత్రం ఇంకా మొదలవలేదని లెక్క, తిట్టక్కర్లేదు, దాని లోపల ఏముందో కనుక్కోమనండి.

ఇక బావగారి విషయం. దానికి ఖచ్చితంగా వద్దు అని చెప్పండి, వాళ్ళ మేనత్త మొహమాటానికి కూడా ఒప్పుకోవద్దు. తన కంప్యూటర్‌లో తనొక్కడే ఆడుకునే గేమ్‌లో స్కోరు మార్చుకుంటే ఎవరి ఇల్లూ కూలదు. ఆన్‌లైన్ గేమ్‌లో అవతల వందమంది నిజంగా ఆడుతుంటారు, అకౌంట్లు, సర్వర్లు వేరేవాళ్ళవి, చీట్లు డబ్బుకి అమ్మడం అంటే ఆట దాటి వ్యాపారంలోకి పోయినట్టు. పర్మిషన్ లేకుండా, మోసపు ఉద్దేశంతో వేరేవాళ్ళ సిస్టంలో దూరితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. 18 లోపు పిల్లాడైతే జువెనైల్ బోర్డు చూస్తుంది, అయినా ఇంటిల్లిపాదికీ నరకమే. ఇంకోటి, మోడ్ ఏపీకేలు అంటూ గ్రూపుల్లో తిరిగే మార్చిన యాప్ ఫైళ్ళు మీ ఫోన్‌లో అస్సలు వెయ్యనివ్వకండి, మీ ఫోన్‌పే, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ అందులోనే కదా.

వద్దు అని చెప్పి ఊరుకుంటే చాటుగా చేస్తాడు, వాడి చేతికి పని ఇవ్వాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న గేమ్ సొంతంగా రాయమనండి, అది అయ్యాక గొడాట్ అనే గేమ్‌లు చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో ఇంకొంచెం పెద్దది. తన గేమ్‌ని తనే చీట్ ఇంజిన్‌తో హ్యాక్ చేసి, మళ్ళీ హ్యాక్ అవ్వకుండా ఎలా రాయాలో చూడమనండి, ఈ ఆట మహా రుచిగా ఉంటుంది. హ్యాకింగే కావాలి అంటే పికోసీటీఎఫ్ ఉంది, అమెరికాలో కార్నెగీ మెలన్ యూనివర్సిటీ స్కూలు పిల్లల కోసం పెట్టింది, ఉచితం, ఛేదించమనే పజిల్స్ ఇస్తారు. అమృత యూనివర్సిటీ వాళ్ళ ఇన్‌సీటీఎఫ్ అనే హ్యాకింగ్ పోటీలో స్కూలు పిల్లలకి జూనియర్ పోటీ కూడా ఉంది. మీ ఊళ్ళో సెంచూరియన్ యూనివర్సిటీలో చదివే సీనియర్ ఎవరైనా తెలిస్తే పరిచయం చెయ్యండి, పాతపట్నం బావ స్థానంలో మంచి అన్న దొరకాలి వాడికి, అదే ముఖ్యం.

మార్కుల గురించి, లెక్కలు, ఇంగ్లిష్ తగ్గనివ్వకండి, ఒడియా, సోషల్ పాస్‌తో సరిపెట్టుకోకుండా కాస్త కూర్చోబెట్టండి, కంప్యూటర్ టైము హోంవర్క్ అయ్యాకే. పదకొండులో ఎంపీసీతో పాటు కంప్యూటర్ సైన్స్ తీసుకోమనండి, సీబీఎస్ఈలో పైథానే చెప్తారు.

సరిహద్దులో ఉన్నవాళ్ళు ఇక్కడే తికమక పడతారు కాబట్టి ఇది బాగా చదవండి. ఒడిశాలో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకుతో, ఆంధ్రాలో ఈఏపీసెట్‌తో. ఆంధ్రాలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళకే, లోకల్ అవునా కాదా అన్నది ఎక్కువగా చదివిన చోటును బట్టి తేలుస్తారు. ఎన్ఐటీల్లో సగం సీట్లు హోం స్టేట్‌కి, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసైతే అదే హోం స్టేట్, మీకు ఒడిశా అయితే రూర్కెలా, ఆంధ్రా అయితే తాడేపల్లిగూడెం. పదో తరగతి అవగానే తొందరపడి పాతపట్నం, టెక్కలి కాలేజీల్లో ఇంటర్‌లో చేర్చేసేముందు ఈ లెక్క వేసుకోండి, మీ రెసిడెన్స్ సర్టిఫికెట్ ఏ రాష్ట్రానిదో చూసుకుని, వాడి తొమ్మిదో తరగతి లెక్కల మార్కులతో పాటు నాకు రాయండి, ఏ వైపు మేలో అప్పుడు చెప్తాను.