మీరడగండి: స్వీడన్‌లో లాక్‌డౌనే లేదంట, నిజమేనా?

ప్రశ్న: మేడమ్, మా పెద్దోడు గోథెన్‌బర్గ్‌లో ఉద్యోగం, కరోనాకి ముందు నుంచీ అక్కడే ఉండాడు. మొన్న పండక్కి వచ్చినప్పుడు ఆ రోజుల మాట వచ్చి ఇంట్లో పెద్ద వాదన అయింది. వాడేమో మాకు లాక్‌డౌనే లేదు, హోటళ్ళు తెరిచే ఉన్నాయి, పిల్లలు బడికి పోయినారు, ఏమీ కాలేదు, మీరే అనవసరంగా తలుపులేసుకుని కూర్చున్నారు అంటాడు. మా ఆయనేమో అక్కడ ముసలోళ్ళని గాలికొదిలేసినారు, నేను పేపర్లో చదివా అంటాడు. ఇద్దర్లో ఎవరిది కరెక్టు?
ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, మీవాడు చెప్పింది వాడు కళ్ళారా చూసింది, మీ ఆయన చెప్పింది కూడా జరిగిందే. నేను ఒప్పుకోనిది "ఏమీ కాలేదు" అన్న ఒక్క మాటే. 2020 చివరికి స్వీడన్‌లో కరోనాతో పోయినోళ్ళు 9 వేల పైన. ఆ దేశం మొత్తం జనాభా కోటీ 3 లక్షలు, మన పాత నెల్లూరు, ప్రకాశం, గుంటూరు జిల్లాలు మూడూ కలిపినదానికంటే కొంచెం తక్కువే. పక్కనున్న నార్వేలో 54 లక్షల మంది ఉంటే అక్కడ ఆ ఏడాది చనిపోయింది 500 లోపు. జనాభా రెట్టింపు కదా అని సరిపెట్టుకుని లెక్కేసుకున్నా ఎంత తేడా ఉందో మీకే తెలుస్తుంది.

అట్లాగని ఏమీ చెయ్యకుండా చేతులు ముడుచుకుని కూర్చున్నారు అంటే అదీ తప్పే. 2020 మార్చి రెండో వారంలో 500 మంది మించి గుమికూడొద్దన్నారు, నెలాఖరుకి దాన్ని 50కి దించారు. ఇంటర్, కాలేజీ వయసు పిల్లల్ని ఇంటి నుంచే చదువుకోమన్నారు. హోటళ్ళు తెరిచే ఉన్నాయి గానీ కౌంటర్ దగ్గర నిలబడి తాగడం కుదరదు, టేబుల్ దగ్గర కూర్చుంటే అక్కడికే తెచ్చిస్తారు. 70 దాటినవాళ్ళు ఎవర్నీ కలవొద్దని అడిగారు, ఆఫీసు పని ఇంటి నుంచి చేసుకోమన్నారు, ఈస్టర్ సెలవులకి ఊళ్ళు తిరగొద్దన్నారు, జనం చాలావరకు విన్నారు కూడా. ఈ సలహాలకి పోలీసు లాఠీ లేదు, ఫైన్ లేదు, చెప్పి వదిలేశారు. అందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. అక్కడ జబ్బు చేసి సెలవు పెడితే మామూలుగా మొదటిరోజు జీతంలో కోత పడుతుంది, మార్చి 11 నుంచి ఆ కోత తీసేశారు, డాక్టర్ సర్టిఫికెట్ అడిగే రూలు కూడా సడలించారు. అంటే కొంచెం గొంతు నొప్పి ఉన్నా ఇంట్లో ఉండిపో, నీ డబ్బులు ఎక్కడికీ పోవు అని చెప్పడం. ఇంట్లో ఉండు అని చెప్పడం ఎవరైనా చెప్తారు, ఉంటే పొయ్యి ఎట్లా వెలుగుతుందో చూసినవాళ్ళ మాటే జనం వింటారు.

లాక్‌డౌన్ ఎందుకు పెట్టలేదంటే వాళ్ళ రాజ్యాంగం దారి వేరు. యుద్ధమొస్తే తప్ప మామూలు రోజుల్లో ఎమర్జెన్సీ పెట్టే అధికారం ప్రభుత్వానికి లేదు, పైగా అక్కడ శాఖలు మంత్రులు చెప్పినట్టు ఆడవు, సొంతంగా నడుస్తాయి. అందుకని ప్రధాని స్టెఫాన్ లోవెన్ కంటే ప్రజారోగ్య సంస్థలో పనిచేసే ఆండర్స్ టెగ్నెల్ అనే డాక్టరే రోజూ మధ్యాహ్నం టీవీలో కనపడి ఏం చెయ్యాలో చెప్పేవాడు. షాపులవీ మూయించే అధికారం ఇచ్చే ప్రత్యేక చట్టం వచ్చిందే 2021 జనవరిలో.

ఇంక మీవాడి సంగతి. స్టాక్‌హోమ్‌లో ఉండుంటే వాడి మాట ఇంకోరకంగా ఉండేదేమో. అక్కడ ఫిబ్రవరిలో బడులకి వారం రోజులు చలికాలం సెలవులిస్తారు, మంచు కొండల మీద స్కీయింగ్‌కి ఇటలీ, ఆస్ట్రియా పోతారు. అన్ని ఊళ్ళకీ ఒకే వారం ఇవ్వరు. గోథెన్‌బర్గ్ వాళ్ళు ఫిబ్రవరి మధ్యలోనే పోయి వచ్చేశారు, స్టాక్‌హోమ్ వాళ్ళ సెలవులు పడింది నెలాఖరి వారంలో, సరిగ్గా ఉత్తర ఇటలీలో కరోనా అంటుకున్న రోజుల్లో. తిరిగి వచ్చినోళ్ళతో పాటే అదీ వచ్చేసింది, కనిపెట్టేలోపు ఊరంతా పాకింది. మన రాష్ట్రంలో మొదటి కేసు ఎక్కడో గుర్తుందిగా, మార్చిలో మన నెల్లూరులోనే, ఇటలీ నుంచి వచ్చిన స్టూడెంట్‌కి. వెంటనే వాలంటీర్లు, ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి విదేశాల నుంచి ఎవరొచ్చారని ఆరా తీశారు. స్టాక్‌హోమ్‌లో ఆ వారం వచ్చినోళ్ళు వేలల్లో, అట్లా పట్టుకోవడం వాళ్ళ వల్ల కాలేదు, మార్చి మధ్యకొచ్చేసరికి మామూలు జనానికి టెస్టులే ఆపేసి ఆస్పత్రిలో చేరినవాళ్ళకీ వైద్య సిబ్బందికీ మాత్రమే చేశారు.

ఇక ముసలోళ్ళ విషయం, దీని గురించే ఎక్కువ రాయాలి. చనిపోయిన ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది 70 దాటినవాళ్ళు, అందులో దాదాపు సగం మంది వృద్ధుల హోముల్లో ఉండేవాళ్ళు. హోముకి ఎవరూ చూడ్డానికి రావొద్దని దేశమంతా నిషేధం పెట్టింది ఏప్రిల్ 1న, అప్పటికే చాలా హోముల్లోకి వైరస్ వచ్చేసింది. కొడుకులూ కూతుళ్ళూ రాకపోయినా రోజూ వచ్చేవాళ్ళు ఉంటారుగా, స్నానం చేయించేవాళ్ళు, అన్నం తినిపించేవాళ్ళు, బట్టలు మార్చేవాళ్ళు. వాళ్ళలో చాలామందికి పర్మినెంట్ ఉద్యోగం కాదు, గంటల లెక్కన పిలిస్తే వస్తారు, పిలవకపోతే డబ్బుల్లేవు. జ్వరమొచ్చినా ఇంట్లో ఉండొచ్చు, జీతం పోదు అన్న మంచి రూలు ఎవరికి బాగా పనికొచ్చింది అంటే ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకి, అసలు ఇంట్లో ఉండి తీరాల్సిన మనిషికి అది సరిగ్గా అందలేదు. మొదట్లో మాస్కులూ గౌన్లూ కూడా వాళ్ళకి చాలినన్ని లేవు, ఆస్పత్రులకి ఇచ్చాకే హోములకి. ఇంకోటి, 1992లో పెద్దవాళ్ళ బాగోగులు మునిసిపాలిటీలకి అప్పగించారు, కానీ అప్పట్లో మునిసిపాలిటీ డాక్టర్ని పెట్టుకోకూడదు, డాక్టర్లు ప్రాంతీయ ప్రభుత్వం కింద ఉండేవాళ్ళు. హోము ఒకరిది, డాక్టరు ఇంకొకరి మనిషి. ఆయాసపడుతున్న పెద్దాయన్ని చూడమంటే ఎవరు రావాలి? 2020 నవంబర్‌లో అక్కడి తనిఖీ సంస్థ రికార్డులు తీసి చూస్తే కరోనా వచ్చిన హోము పెద్దవాళ్ళలో దాదాపు అయిదుగురిలో ఒకరిని డాక్టరు విడిగా పరీక్షించినట్టే లేదు. ఇది చదివినప్పుడు నాకు కోపమొచ్చింది, ఇప్పటికీ వస్తుంది, అంత డబ్బున్న దేశం, ఆస్పత్రుల్లో ఐసీయూ పడకలు వారాల్లో రెట్టింపు చేసుకోగలిగిన దేశం, స్టాక్‌హోమ్ ఎగ్జిబిషన్ హాల్లో పెద్ద ఆస్పత్రే కట్టి ఒక్క పేషెంటు కూడా రాకుండానే మూసేసిన దేశం అది.

వాళ్ళు దాచిపెట్టలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. మాట్స్ మెలిన్ అనే మాజీ జడ్జితో కమిషన్ వేశారు, 2020 డిసెంబర్‌లో వచ్చిన మొదటి రిపోర్టే వృద్ధుల గురించి, ఏళ్ళ తరబడి హోముల్ని పట్టించుకోకపోవడమే దీనికి ఒక కారణమని రాశారు. ఆ వారంలోనే రాజు కార్ల్ గుస్తాఫ్ టీవీలో మనం విఫలమయ్యాం అన్నాడు. టెగ్నెల్ కూడా జూన్‌లోనే, ఇప్పుడు తెలిసింది అప్పుడు తెలిసుంటే మేము చేసినదానికీ మిగతా దేశాలు చేసినదానికీ మధ్యలో ఏదో చేసేవాళ్ళం అని రేడియోలో చెప్పాడు.

మరి ఎవరిది కరెక్టు? 2022 ఫిబ్రవరిలో వచ్చిన కమిషన్ చివరి రిపోర్టు ప్రకారం జనాన్ని నమ్మి చెప్పి చేయించడం మొత్తం మీద సరైనదే, కాకపోతే మార్చి మొదట్లో ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా కదలాల్సింది. నాకూ అదే సబబు అనిపిస్తుంది. 2020 నుంచి 2022 దాకా మూడేళ్ళూ కలిపి చూస్తే యూరప్‌లో మామూలు కంటే అదనంగా చనిపోయినవాళ్ళు తక్కువున్న దేశాల్లో స్వీడన్ ఒకటి, అది మీవాడి వైపు పాయింటే. కానీ ఆ మొదటి మూడు నెలల్లో హోముల్లో పోయినోళ్ళకి ఆ లెక్క ఏం చెప్తాం. ఇక మనం అనవసరంగా తలుపులేసుకున్నాం అనడానికి లేదు, రెండు గదుల్లో ఆరుగురుండే ఇళ్ళు మనవి, ఒక్కరే ఒక ఇంట్లో ఉండటం అక్కడ మామూలు విషయం. మనం తప్పు చేసింది రాత్రి 8 గంటలకి చెప్పి 12కి మూసేయడంలో. చెన్నై నుంచి ఒడిశా, బీహార్ వైపు చంటిపిల్లల్నెత్తుకుని నడిచిపోయిన కూలీలు మన నెల్లూరు, ఒంగోలు హైవే మీదే పోయినారు, మన వాళ్ళే మజ్జిగ, పులిహోర పొట్లాలు ఇచ్చారు. చేతిలో డబ్బు లేనోడిని ఇంట్లో ఉండమంటే ఉండలేడు, స్వీడన్‌లోనూ అదే జరిగింది, ఇక్కడా అదే జరిగింది.

ప్రశ్న: నేను ప్రైమరీ స్కూల్ టీచర్ని. కరోనా అప్పుడు స్వీడన్‌లో చిన్నపిల్లల బడులు మూయలేదని విన్నాను. పిల్లలకి ఏమీ అవలేదా? మా పిల్లలు మళ్ళీ బడికొచ్చేసరికి అక్షరాలు కూడా మర్చిపోయి ఉన్నారు మేడమ్.
సింగరాయకొండ

జవాబు: మూయలేదు టీచర్ గారూ, తొమ్మిదో తరగతి దాకా తెరిచే ఉంచారు, పిల్లలకి మాస్కులు కూడా పెట్టలేదు. ఒంట్లో బాగోలేకపోతే పంపొద్దని మాత్రం గట్టిగా చెప్పారు. 2020 మార్చి నుంచి జూన్ దాకా లెక్క తీస్తే ఒకటి నుంచి 16 ఏళ్ళ పిల్లలు 19.5 లక్షల మందిలో కరోనాతో ఐసీయూలో చేరింది 15 మంది, ఒక్కరూ చనిపోలేదు. చిన్న క్లాసుల్లో చదవడం వెనకబడలేదని తర్వాత పరీక్షల్లో కూడా తేలింది. డెన్మార్క్ వాళ్ళు మొదట మూసేసినా ఏప్రిల్ 15కల్లా అందరికంటే ముందు చిన్నపిల్లల్నే బడికి రమ్మన్నారు, డెస్కులు దూరదూరంగా వేసి, మాటిమాటికీ చేతులు కడిగించి.

మన దగ్గర చిన్న తరగతులు దాదాపు ఏడాది నడవలేదు. మొదటి రెండు మూడు నెలలు ఎవర్నీ తప్పుపట్టను, అప్పుడు ఈ జబ్బు పిల్లల్ని ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు, ఇంట్లో తాతలూ నాయనమ్మలూ ఉంటారు. తెలిసిన తర్వాత కూడా సినిమా హాళ్ళకీ షాపులకీ ఉన్న తొందర ఒకటో తరగతికి లేకపోయింది, నా బాధంతా దాని మీదే. మీరు చెప్పిన ఆ పిల్లలు ఇప్పుడు హైస్కూల్‌కి వచ్చేసుంటారు, వీలైతే వాళ్ళతో ఒక పేజీ గట్టిగా చదివించి చూడండి, ఎక్కడ ఆగుతున్నారో అక్కడి నుంచి మళ్ళీ చెప్పించండి, క్లాసు దాటింది కదా అని వదలొద్దు.

ప్రశ్న: హెర్డ్ ఇమ్యూనిటీ కోసమే స్వీడన్ జనాన్ని వదిలేసిందని యూట్యూబ్‌లో చూశాను. నిజమా?
ఒంగోలు

జవాబు: హెర్డ్ ఇమ్యూనిటీ అంటే చాలామందికి జబ్బు వచ్చి పోయి, ఇక అది పాకలేని స్థితి. అది మా లక్ష్యం కాదు అని వాళ్ళు మొదటి నుంచీ అంటూనే ఉన్నారు, లోపల్లోపల దాని గురించి మాట్లాడుకున్న ఈమెయిళ్ళు తర్వాత బయటపడ్డాయి. లక్ష్యం అయినా కాకపోయినా అది జరగలేదు. ఏప్రిల్ నెలాఖరులో స్టాక్‌హోమ్‌లో రక్తపరీక్షలు చేసి చూస్తే నూటికి ఏడుగురికే యాంటీబాడీలు, అంటే జబ్బు వచ్చి పోయిన గుర్తులు, ఉన్నాయి. అంతమంది పోయాక కూడా ఏడు. మళ్ళీ నవంబర్, డిసెంబర్‌లో రెండో వేవ్ గట్టిగానే కొట్టింది.

ప్రశ్న: అక్కా, మా నాన్నకి 78. అమ్మ పోయాక నెల్లూరు దగ్గర ఒక ఓల్డేజ్ హోమ్‌లో చేర్చాం, నేను హైదరాబాద్‌లో ఉంటా, నెలకోసారి వచ్చి చూసి పోతా. వైరల్ జ్వరాల సీజన్ వస్తే భయంగా ఉంటుంది. ఏం కనుక్కోవాలో చెప్పండి.
బుచ్చిరెడ్డిపాళెం

జవాబు: తమ్ముడూ, మీరు గిల్టీగా ఫీలవ్వాల్సిన పని లేదు, నెల నెలా వచ్చి చూస్తున్నారు కదా. ఈసారి వచ్చినప్పుడు గదులు, భోజనం చూసి ఊరుకోకుండా అక్కడ పనిచేసే అమ్మాయిలతో ఒక పావుగంట కూర్చుని మాట్లాడండి. నెల్లూరు పొగతోటలో ఆస్పత్రుల దగ్గర ఇట్లా పేషెంట్లని చూసుకునే ఒకామెతో నేను మాట్లాడాను, ఏజెన్సీ ద్వారా వస్తుంది, రోజు లెక్క, రాని రోజుకి డబ్బుల్లేవు. పగలు ఒక ఇంట్లో, రాత్రి ఇంకో ఇంట్లో చేస్తుంది. ఆమె పని చేస్తుంటే చూశాను, మంచం మీదున్న పెద్దామెని ఒక పక్కకి ఒత్తిగిలించి పక్క దుప్పటి సగం చుట్టి, మళ్ళీ ఇటు తిప్పి మిగతా సగం లాగేస్తుంది, ఆ తిప్పేటప్పుడు పెద్దామె మొహం ఆమె భుజం మీదే ఉంటుంది. మాస్క్ గడ్డం కిందకి జారిపోయి ఉంది, బరువెత్తితే ఊపిరాడదు మేడమ్ అంది. జలుబు చేస్తే ఏం చేస్తావు అంటే మాత్ర వేసుకుని వస్తా అంది. ఆమెని తప్పుపట్టే హక్కు మనకి లేదు, రాకపోతే ఆ రోజు డబ్బు మనం ఇస్తున్నామా?

అందుకని హోము వాళ్ళని మొదట ఇదే అడగండి, మీ స్టాఫ్‌కి జ్వరమొస్తే జీతంతో సెలవు ఇస్తారా అని. ఇవ్వం అంటే ఇంకో నలుగురు కుటుంబాల వాళ్ళతో మాట్లాడి నెలకి తలా కొంత వేసి ఆ డబ్బు మేమిస్తాం, జ్వరమున్న మనిషిని మాత్రం లోపలికి రానివ్వొద్దని చెప్పండి, పెద్ద ఖర్చేమీ కాదు. ఒకే మనిషి అన్ని గదులూ తిరుగుతోందా, లేక ఈ వైపు గదులకి ఈమె, ఆ వైపు గదులకి ఆమె అని ఉందా అడగండి, విడివిడిగా ఉంటే ఒకచోట అంటుకున్నది అన్ని గదులకీ పాకదు. డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తాడు, రాత్రి ఆయాసమొస్తే ఎవరికి ఫోన్ చేస్తారు, ఆ నంబర్ గోడ మీద రాసి ఉందా చూడండి. ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ ఉందా, ఉంటే బ్యాటరీ పనిచేస్తోందా మీరే వేలికి పెట్టి చూడండి. నాన్నగారికి ఏటా ఫ్లూ టీకా వేయిస్తున్నారో లేదో కనుక్కోండి, న్యుమోనియా టీకా గురించి మీ డాక్టర్ని అడగండి.

ఇంకొకటి, రేపు మళ్ళీ ఏదైనా వచ్చి చూడ్డానికి రావొద్దంటే ఏం చేస్తారో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. స్వీడన్‌లో ఆ నిషేధం అక్టోబర్ 1 దాకా తియ్యలేదు, ఆరు నెలలు పిల్లలు కిటికీ బయట నిలబడి చూసిపోయారు, కొందరికి ఆఖరి చూపు కూడా దక్కలేదు. నాన్నగారికి వీడియో కాల్ ఎత్తడం వచ్చా? రాకపోతే ఈసారి వచ్చినప్పుడు నేర్పించండి, ఫోన్ ఛార్జింగ్ పెట్టే బాధ్యత ఎవరిదో కూడా ఒక మనిషిని అనుకోండి.