స్వే బారును ‘ఊగు కడ్డీ’ అనవచ్చా?

సందేహం: స్పోర్ట్స్ కార్ల మోజున్న కుర్రాళ్ల కోసం స్వే బార్లు (ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీలు), బుషింగుల (ఆ కడ్డీని పట్టి ఉంచే తొడుగుల) ఎంపిక గురించి తెలుగులో రాస్తున్నాను. ‘గట్టి ఊగు కడ్డీ, గట్టి బుష్‌లు వేయిస్తే కారు మలుపులో ఊగదు’ అన్న వాక్యం చదివి మా మెకానిక్ నవ్వాడు. తప్పెక్కడుందండీ? బుష్‌లు అనాలా, బుష్షులా, బుషింగులా?
– ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: మీ మెకానిక్ నవ్వడంలో న్యాయముంది. ‘ఊగు కడ్డీ’ అంటే ఊగే కడ్డీ అనే అర్థమవుతుంది, ఊగుడు కుర్చీలాగా. దోమతెర దోమల్ని ఆపడం లేదా అని మీరు అడగవచ్చు. అక్కడ రెండూ నామవాచకాలు కాబట్టి మధ్య సంబంధాన్ని మనమే ఊహించుకుంటాం. ముందు క్రియ పెడితే ఆ వెసులుబాటు లేదు. తాగునీరు తాగే నీరే అవుతుంది, తాగకుండా ఆపే నీరు కాదు.

అసలు ఇక్కడ ‘ఊగు’ అన్న క్రియే కుదరదు. నరసాపురం రేవులో పంటు ఎక్కారా ఎప్పుడైనా? అలలకు అది ఊగుతుంది. బరువంతా ఒక పక్కకు చేరితే ఒరుగుతుంది. మలుపులో కారు చేసేది ఈ రెండోది. ఊగడం తగ్గాలంటే చూడాల్సింది షాకబ్జర్లను. స్వే బారు కారును ఒరగకుండా పడుతుంది. ఎడమ, కుడి చక్రాలు రెండూ కలిసి లేస్తే బారు తన బుష్షుల్లో ఊరికే తిరుగుతుంది. ఒకటి లేచి రెండోది దిగితే మెలిపడి, ఆ తేడాను తగ్గిస్తుంది.

‘గట్టి’ ఇంకా చిక్కుమాట. గట్టి తాడంటే తెగనిది, గట్టి మంచమంటే పదేళ్లు మన్నేది. మీరు చెప్పదలచింది వంగకుండా మొరాయించే గుణం. దానికి ‘బిరుసు’ ఉంది. బిరుసు బారు ఎక్కువ కాలం మన్నుతుందని ఎవరూ అనుకోరు, గట్టి బారు అంటే అనుకుంటారు, డబ్బు పెట్టి కొంటారు కూడా. అలాగే కడ్డీకి ‘మందం’ రాయకండి, మందం రేకుకు. కడ్డీకి లావు. ఈ లావు దగ్గర కుర్రాళ్లను కాస్త హెచ్చరించండి: లోహమూ ఆకారమూ అవే ఉంచి, బోలు లేని బారును 22 మిల్లీమీటర్ల నుంచి 24కు పెంచితే బిరుసు 40 శాతం పైనే పెరుగుతుంది. లావుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది మరి. ముందు బారు ఒక్కటే మరీ బిరుసైతే మలుపులో ముందు టైర్లు తొందరగా జారతాయి, వెనకదైతే వెనకవి.

ఇక బుష్షు. హ్రస్వం తర్వాత ఒంటిగా మిగిలిన చివరి హల్లును తెలుగువాడి నోరు సాధారణంగా ద్విత్వం చేసి ఉకారం చేరుస్తుంది: బస్సు, నట్టు, క్లచ్చు, బ్రష్షు. దీర్ఘం ఉంటే ద్విత్వం అక్కర్లేదు: కారు, గేరు, బారు. (రోడ్డు మాట వినదు, వదిలేయండి.) ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ ఆనకట్ట కాలవల వెంట వచ్చిన లాకులు (పడవల కోసం కట్టిన నీటి తలుపులు) చూడండి, అచ్చును దీర్ఘం చేసుకున్నాం కనుక ‘లాక్కు’ కాలేదు. లాకును ఎవరూ అనువదించలేదు, ఎవరికీ లోటూ రాలేదు. కాబట్టి స్వే బారు, బుష్షులు అనే రాయండి. బుషింగులు తప్పు కాదు గానీ షెడ్డులో ఎవరూ అనరు.

రబ్బరు బుష్షు నలిగి కొంత కదలికను తనే మింగేస్తుంది. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌ది బిరుసు, అంతగా మింగదు, కానీ గ్రీజు ఆరితే కిర్రుమంటుంది. గ్రీజును కందెన అనాలనిపిస్తే అనండి, నాకు ఇష్టమే. కాకపోతే కొట్టువాడికి మళ్లీ గ్రీజనే చెప్పాలి.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోండి: ‘లావు స్వే బారు, బిరుసు బుష్షులు వేయిస్తే కారు మలుపులో తక్కువ ఒరుగుతుంది, గతుకుల్లో మాత్రం కుదుపు ఎక్కువ తెలుస్తుంది.’