తడబడింది ఎవరు? ఏది?

సందేహం: గుంటూరు బ్రాడీపేట నుంచి డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలు ఇలా రాశారు. "2022 జూన్ 8న మొదలైన, మార్వెల్ సంస్థవారి సూపర్‌హీరో ధారావాహిక ‘మిస్ మార్వెల్’ మొదటి భాగాన్ని స్నేహితులమంతా కలిసి చూశాం. చూసిన వేడిలో నేను ‘మిస్ మార్వెల్ మొదట్లో తడబడింది, చివరికి వెలిగిపోయింది’ అని రాసి మావాళ్లకు పంపాను. నా ఉద్దేశం ధారావాహిక గురించి. మా స్నేహితురాలు మాత్రం కథానాయిక గురించే అన్నాననుకుని ‘అవును, పాపం’ అని జవాబిచ్చింది. ఆ వాక్యం మా పెద్దనాన్నగారి కంటపడింది. లోకాన్ని కాపాడే ఆడపిల్లను పట్టుకొని గొడ్డూగోదా గురించి చెప్పినట్టు ‘తడబడింది’ అంటావా, ‘తడబడ్డారు’ అనాలి అని ఆయన మందలించారు. ఇందులో ఎవరి మాట ఒప్పు?"

సమాధానం: మీ స్నేహితురాలు పొరపడలేదు. మీ వాక్యంలో వ్యాకరణదోషం లేదు గాని, దానికి రెండర్థాలున్నాయి; ఈ కథ విషయంలో రెండూ నిజమే కావడంతో చిక్కు బిగిసింది. జెర్సీ సిటీలో స్థిరపడిన పాకిస్తానీ కుటుంబంలోని పదహారేళ్ల కమలా ఖాన్ (ఈమే మిస్ మార్వెల్), కథ మొదలవుతూనే డ్రైవింగ్ పరీక్ష తప్పుతుంది. మొదటి భాగం ఆఖరున, తాను ఆరాధించే వీరనారి కెప్టెన్ మార్వెల్ వేషం వేసుకొని అభిమానుల సంబరానికి వెళ్లి, అమ్మమ్మ దగ్గర నుంచి వచ్చిన కడియం చేతికి తొడుక్కునేసరికి ఆమె ఒంట్లోంచి కాంతి పుట్టుకొస్తుంది. అంటే ఆ పిల్ల మొదట్లో తడబడిన మాటా నిజమే, చివరికి అక్షరాలా వెలిగిపోయిన మాటా నిజమే. ఆరంభం తడబాటుగానూ ముగింపు మెరుపుగానూ మీకు తోచిన ధారావాహికకు కూడా ఆ రెండు క్రియలూ అతుకుతాయి. కథానాయికకూ కథకూ ఒకటే పేరైనప్పుడు, ఏ మాట ఎవరికి చెందుతుందో మీ వాక్యంలోని క్రియ తేల్చి చెప్పలేకపోయింది.

ఇది మీ ఒక్క వాక్యానికి పట్టిన చిక్కు కాదు. 2014లో కమల పేరిట సొంతంగా కామిక్స్ వెలువడడం మొదలైనప్పుడు ఆమెకు ఒళ్లు సాగదీసుకునే, కుదించుకునే శక్తి ఉండేది. తెరమీదికి వచ్చేసరికి ఆ శక్తి కాంతి రూపం దాల్చింది. ఆ పుస్తకాలు చదువుతూ వచ్చిన అభిమానుల్లో కొందరికి ఈ మార్పు మింగుడుపడలేదు. వారిలో ఒకరు తెలుగులో ‘మిస్ మార్వెల్ మారిపోయింది’ అని రాశారనుకుందాం. మారిపోయింది పిల్లా, కథా? ఆ రాసినవారిని అడిగితే తప్ప తెలియదు.

మగవాడి పేరైతే ఈ ఇబ్బంది రాదు. ఇదే మార్వెల్ సంస్థ 2022 మార్చి 30న ‘మూన్ నైట్’ అనే ధారావాహిక మొదలుపెట్టింది. అందులోనూ కథానాయకుడి పేరే ధారావాహికకు పెట్టారు. ‘మూన్ నైట్ తడబడ్డాడు’ అంటే కథానాయకుడు, ‘మూన్ నైట్ తడబడింది’ అంటే ధారావాహిక అని చదివినవారికి క్షణంలో తెలిసిపోతుంది. తమిళుడికి ఆడపిల్ల విషయంలోనూ ఆ వెసులుబాటు ఉంది. ఆమె అయితే ‘వందాళ్’ అంటాడు, వస్తువైతే ‘వందదు’ అంటాడు. కన్నడంలోనూ ‘బందళు’ అన్న రూపం ఆడవారికి ప్రత్యేకంగా ఉంది. ఇంగ్లీషు క్రియ లింగభేదం చూపకపోయినా, ఆ భాషలో సర్వనామాన్ని వదలడానికి వీలుండదు కాబట్టి అక్కడ అదే కాపాడుతుంది. మనం సర్వనామాన్ని అడుగడుగునా వదిలేస్తాం. ఏకవచన క్రియలో ఆడవారికీ వస్తువుకూ ఒకే ‘ది’ వాడతాం. ఈ రెండూ కలిసినచోట మీ వాక్యం పుట్టింది.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఈ విభాగాన్ని సూత్రీకరించాడు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివాటిని చెప్పే మాటలు మహత్తులు, తక్కినవి అమహత్తులు. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోనూ, బహువచనంలో మహత్తులతోనూ నడుస్తాయి. అందువల్ల ‘అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది’ అంటున్నా, ‘అమ్మాయిలు వచ్చారు, బళ్లు వచ్చాయి’ అని బహువచనంలో వేరుచేస్తున్నాం. మగవారిని మాత్రమే ‘మహత్తు’ అనడంలో పక్షపాతం ఉందని ఎవరైనా అంటే నేను కాదనను. అయితే ఆ పేరు పెట్టింది వ్యాకర్తలు. భాషలోని ఆ అమరిక వారికంటే ఎంతో ముందుది.

ఇక ఈ ‘డు’, ‘ది’ ఎలా వచ్చాయంటే, ‘వచ్చినవాడు’ అన్నది ‘వచ్చినాడు’ అయి, ‘వచ్చాడు’గా కుదించుకుపోయింది, ‘వచ్చినది’ కాస్తా ‘వచ్చింది’ అయింది. అంతకు పూర్వపు కావ్యభాషలో ఈ కాస్త తేడా కూడా లేదు. రాముడు వచ్చెను, సీత వచ్చెను, రథము వచ్చెను అని అందరికీ అన్నిటికీ ఒకే క్రియ సరిపోయేది. ఆ రోజుల్లో మీరు ‘తడబడెను’ అని రాసి ఉంటే మూన్ నైట్ విషయంలో కూడా మీ స్నేహితురాలితో పేచీ వచ్చి ఉండేది.

ఇక మీ పెద్దనాన్నగారి అభ్యంతరం. క్రియ చివరి ‘ది’లో అవమానం ఏమీ లేదు. బెజవాడలో ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కే ఏ భక్తురాలినైనా అడగండి, ‘దుర్గమ్మ మహిషాసురుణ్ణి చంపింది, తల్లి నన్ను చల్లగా చూసింది’ అనే చెబుతుంది. ఆ నోటితోనే ‘అమ్మవారు దసరాలో రోజుకొక అలంకారంలో దర్శనమిస్తారు’ అని కూడా అంటుంది. ‘అమ్మవారు’ అన్న మాటలోనే ‘వారు’ ఉంది కాబట్టి క్రియకు ‘రు’ వచ్చింది. ‘దుర్గమ్మ’ అన్నచోట భక్తి తగ్గి ‘ది’ రాలేదు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల ఇళ్లలో ‘అమ్మ వచ్చింది, నాయనమ్మ చెప్పింది’ అనడంలో గౌరవలోపం ఉందని ఎవరికీ తట్టదు. మీ పెద్దనాన్నగారిని నొప్పించేది నిజానికి ‘అది’ అన్న సర్వనామం అయి ఉండాలి. కన్నతల్లి ‘అది ఇంకా కాలేజీ నుంచి రాలేదు’ అంటే చనువు, పొరుగువాడు అదే మాట అంటే తగవు. ఆ సర్వనామానికి ఉన్న కరుకుదనాన్ని క్రియకు అంటగట్టనక్కర్లేదు.

నేను చూసే కొలత మరొకటి ఉంది. ఒకే రచనలో మగవారికీ ఆడవారికీ సమానమైన రూపాలు వాడుతున్నామా, లేదా? కమల తండ్రి ‘హల్క్’ అనే ఆకుపచ్చ మహాకాయుడి వేషం కట్టి కూతురికి తోడుగా సంబరానికి బయలుదేరబోయే సన్నివేశాన్ని రాస్తూ ‘బయలుదేరాడు’ అన్నవారు, కమల గురించి ‘కాపాడింది’ అంటే ఉభయులకూ న్యాయం జరిగినట్టే. తండ్రికి ‘బయలుదేరారు’ అని ‘రు’ పెట్టి కూతురికి ‘ది’తో సరిపెడితే, అది వయసును బట్టి వచ్చిన తేడా అని సర్దిచెప్పుకోవచ్చు. అదే వయసు మగపిల్లవాడికి ‘రు’ పెట్టి ఈ పిల్లకు పెట్టకపోతే మాత్రం మీ పెద్దనాన్నగారి కోపానికి కారణం ఉందంటాను.

పైగా మీ వాక్యంలో ‘తడబడ్డారు’ అని దిద్దితే ఒక అర్థం పోయి మరొక అపార్థం వస్తుంది. కల్పిత పాత్రలకు ‘ది’, ‘డు’, వాటిని ధరించే నటీనటులకు ‘రు’ పెట్టడం మన పత్రికల్లో తరచుగా కనిపించే పద్ధతి. దానికి అలవాటుపడిన పాఠకులు ‘మిస్ మార్వెల్ తడబడ్డారు’ అన్న వాక్యం చూస్తే, ఆ పాత్ర ధరించిన ఇమాన్ వెల్లాని నటనలో తడబడ్డారని అనుకునే ప్రమాదం ఉంది.

అలాగని తెలుగులో ఈ తేడా చూపడానికి దారే లేదనుకోవద్దు. క్రియ చేయని పనిని వాక్యంలోని వేరే భాగాలు చేస్తాయి. వాటిలో నాకు అన్నిటికంటే ముచ్చటగా తోచేది ద్వితీయా విభక్తి. జడపదార్థానికి ‘ను’ పెట్టకపోయినా చెల్లుతుంది, మనిషికి పెట్టకపోతే చెల్లదు. ‘పుస్తకం చదివాను’ అంటాం గాని, ‘చెల్లెలు పిలిచాను’ అనం, ‘చెల్లెలిని పిలిచాను’ అనే అంటాం. కాబట్టి ‘నిన్న మిస్ మార్వెల్ చూశాను’ అన్నప్పుడు చూసింది ధారావాహికనే. ‘మిస్ మార్వెల్‌ను చూశాను’ అంటే రెండూ కావచ్చు గాని, వినేవారి మనసు ముందు మనిషి వైపు మొగ్గుతుంది. సంఖ్యావాచకాలు ఇంకా నిక్కచ్చిగా ఉంటాయి. ‘మిస్ మార్వెల్ ఒక్కతే నిలబడింది’ అంటే ఆ పిల్ల ఒంటరిగా నిలిచింది. ‘ఈ వేసవిలో వచ్చినవాటిలో మిస్ మార్వెల్ ఒక్కటే నిలబడింది’ అంటే ధారావాహిక నెగ్గుకొచ్చింది. తకారానికీ టకారానికీ మధ్య అంత దూరం ఉంది, టైపు చేసేటప్పుడు జాగ్రత్త. ‘లో’ చేర్చి ‘మిస్ మార్వెల్‌లో సంగీతం బాగుంది’ అంటే సందేహానికి తావుండదు. ‘గడుసు పిల్ల’, ‘ధైర్యవంతురాలు’ వంటి నామపదాలతో వాక్యం ముగించినా అంతే.

ఈ ధారావాహికకు ఆరు భాగాలు. తక్కినవీ చూస్తారు, ఇంకా రాస్తారు కాబట్టి ఒక చిన్న కట్టుబాటు పెట్టుకోండి. పిల్ల గురించి రాసేటప్పుడు ‘కమల’ అనండి, మొత్తం కథ గురించి రాసేటప్పుడు ‘మిస్ మార్వెల్’ అనండి. మీరు మొదట ఉద్దేశించిన మాటను ‘మిస్ మార్వెల్ మొదటి భాగం ఆరంభంలో తడబడింది, చివరికి వెలిగిపోయింది’ అని రాస్తే మీ స్నేహితురాలు ‘పాపం’ అనదు. కమల గురించి అనదలచుకుంటే ‘కమల తడబడింది’ చాలు. ‘ఆమె’ అన్న సర్వనామం కూడా అక్కర్లేదు, ‘తడబడ్డారు’ అసలే అక్కర్లేదు.