ఈ క్షణంలో తృప్తిగా ఉండటం సాధ్యమేనా?

అనుకున్నవి సాధించినా సంతోషం ఎందుకు నిలవడం లేదని, ఈ క్షణంలో బతకాలంటే లక్ష్యాలు వదిలేయాలా అని అడిగారు. నాకు అనుభవంలోకి వచ్చినంత వరకు చెబుతాను.

సంతోషం నిలవకపోవడం మీ లోపం కాదు. మనిషి దేనికైనా ఇట్టే అలవాటు పడిపోతాడు. 1978లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫిలిప్ బ్రిక్‌మన్ బృందం లాటరీలో పెద్ద మొత్తాలు గెలిచిన 22 మందిని ప్రశ్నించింది. వాళ్లు ఇతరుల కన్నా చెప్పుకోదగ్గంత సంతోషంగా ఏమీ లేరు. పైగా స్నేహితులతో కబుర్లు, పత్రిక చదవడం వంటి మామూలు పనుల్లో వాళ్లకు దొరికే ఆనందం మిగతావాళ్ల కన్నా తక్కువ. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ రెండో సంగతే.

నా మటుకు నాకు తృప్తి రుచి తెలిసింది నాన్న మంచాన పడ్డ రోజుల్లో. పక్షవాతంతో ఆయన కుడిచెయ్యి బిగుసుకుపోయింది. గోళ్లు తీయాలంటే ముడుచుకున్న వేళ్లను ముందు ఒక్కొక్కటిగా, నొప్పి కలగకుండా విప్పాలి. విప్పిన వేలు మళ్లీ ముడుచుకోకుండా బొటనవేలితో ఆపి, చర్మానికి తగలకుండా కత్తిరించాలి. ఆ కాసేపు ఆసుపత్రి ఖర్చులు, రేపటి భయం ఏవీ గుర్తుకొచ్చేవి కావు. వాటిని నేను తరిమేయలేదు, పనే అంత శ్రద్ధ కోరేది. బాధ ఉంది, అందులోనే తృప్తీ ఉంది. సంతోషమంటే బాధ లేకపోవడమే అన్న మాటను అప్పటి నుంచి నేను నమ్మను.

2010లో మనస్తత్వ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం చదివినప్పుడు ఇదే గుర్తొచ్చింది. 2,250 మందిని రోజులో అప్పుడప్పుడు ఫోనులో పలకరిస్తే, 46.9 శాతం సార్లు వాళ్ల మనసు చేస్తున్న పని మీద లేదు. హాయైన ఊహల్లో తేలుతున్నవాళ్లు కూడా పనిలో లీనమైనవాళ్ల కన్నా ఎక్కువ సంతోషంగా లేరు.

కళ్లు మూసుకుని మనసును నిలపడం కొందరికి కుదురుతుంది. నాకు మాత్రం చేతులకు పని ఉంటేనే మనసు కుదురుగా ఉంటుంది. మీకు ఏది నప్పుతుందో చూసుకోండి.

లక్ష్యాలు వదలక్కర్లేదు. రేపటికి ప్రణాళిక వేసుకోవడం కూడా ఇప్పుడు చేసే పనే, కాగితం ముందు పెట్టుకుని శ్రద్ధగా వేసుకోండి. మనల్ని తినేసేది అది కాదు, ఇంట్లోవాళ్లు ఏదో చెబుతుంటే ఊ కొడుతూ లోపల ఆఫీసు లెక్కలు వేసుకోవడం. నన్నడిగితే అక్కడే మొదలుపెట్టమంటాను. ఎదుటివాళ్లు చెప్పడం పూర్తయ్యేదాకా ఫోను పక్కన పెట్టి వినండి.