తెల్లవారుజామున మూడున్నరకు లేస్తే తీరిక దొరుకుతుందా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. మేము కూకట్‌పల్లిలో ఉంటాం. బేగంపేటలోని ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. వారానికి ఆరు రోజులు, ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఆఫీసు. మావారిది షిఫ్టుల ఉద్యోగం. పిల్లలు ఆరో తరగతి, రెండో తరగతి చదువుతున్నారు. అత్తగారు మాతోనే ఉంటారు. ఉదయం 4:45కు లేస్తే పడుకునేసరికి రాత్రి పన్నెండు అవుతోంది, అయినా ఏదో ఒక పని మిగిలిపోతూనే ఉంది. మొన్న రాత్రి పదకొండింటికి ఇంట్లో కూర్చుని చేసిన బ్యాంకు రీకన్సిలియేషన్‌లో (కంపెనీ లెక్కలను బ్యాంకు లెక్కలతో సరిచూడటం) 54,000ను 45,000గా వేశాను. మర్నాడు సగం పూట ఆ తేడా వెతకడానికే సరిపోయింది. డైరీ కొన్నాను, ఫోన్‌లో మూడు యాప్‌లు పెట్టుకున్నాను, ఏదీ పది రోజులకు మించి సాగలేదు. మూడున్నరకే లేస్తే రోజంతా మన చేతిలో ఉంటుందని వీడియోల్లో చెబుతున్నారు. నిద్రను నాలుగు గంటలకు అలవాటు చేసుకోవచ్చా? నాలుగేళ్లుగా పొద్దున్నే కాఫీతో థైరాయిడ్ మాత్ర (50 మైక్రోగ్రాములు), టిఫిన్ అయ్యాక ఐరన్ మాత్ర వేసుకుంటున్నాను. ఈ మధ్య ఎప్పుడూ నీరసం, తలనొప్పి. మందుల షాపులో చూపిస్తే బీపీ 146/92 ఉందన్నారు. నీరసం తగ్గడానికి మంచి టానిక్ ఏదైనా చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సలహా: మీ ఉత్తరంలో రెండు ఇబ్బందులు కలగలిసి ఉన్నాయి. సమయం చాలడం లేదన్నది ఒకటి, ఒంట్లో సత్తువ చాలడం లేదన్నది మరొకటి. మొదటిదాన్ని తీర్చుకోవడానికి మీరు రెండోదాన్ని ఖర్చు పెడుతున్నారు. అందువల్ల రెండూ తరిగిపోతున్నాయి. నిద్రను నాలుగు గంటలకు తగ్గించుకోవద్దు. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరం. మీకు ఇప్పుడు దొరుకుతున్నది ఐదు గంటలు కూడా లేదు. మన పెద్దలు కోడికూతకే లేచేవారన్న మాట నిజమే గానీ, వారు దీపాలు పెట్టిన కాసేపటికే భోజనాలు ముగించి పడుకునేవారన్న సంగతిని ఆ వీడియోల వారు చెప్పరు.

నిద్ర తగ్గితే పని గంటలు పెరుగుతాయి గానీ పని పెరగదు. నిద్ర లేచి పదిహేడు గంటలు దాటిన మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి చురుకుదనంతో సమానంగానో, అంతకన్నా తక్కువగానో ఉంటుందని ప్రయోగాల్లో తేలింది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. 4:45కు లేచిన మీకు రాత్రి 9:45కే పదిహేడు గంటలు నిండుతాయి. బండి నడపడానికి కూడా పనికిరాని ఆ స్థితిలో మీరు పదకొండింటికి లక్షల రూపాయల లెక్కలు చూస్తున్నారు. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూసుకోవాలన్నది మీ వృత్తిలో కొత్తగా చేరినవారికి కూడా తెలిసిన కిటుకు. తొమ్మిది వేల తేడా కళ్లెదుటే ఉన్నా ఆ కిటుకు తట్టడానికి సగం పూట పట్టిందంటే, అది మీ తెలివితేటల లోపం కాదు. రాత్రి మిగుల్చుకున్నాననుకున్న గంటను మర్నాడు వడ్డీతో సహా తిరిగి కట్టారు, అంతే.

టానిక్ పేరు నేను చెప్పను. నీరసానికి కారణమేమిటో తెలియకుండా టానిక్ తాగితే, కారణం లోపలే ఉండిపోయి సీసా మాత్రం ఖాళీ అవుతుంది. సీబీపీ (హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బీ12, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), మూత్ర పరీక్ష చేయించుకోండి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. నీరసమని వచ్చే మహిళల్లో నేను మొదట హిమోగ్లోబిన్ చూడటానికి కారణం ఇదే. గర్భవతులు కాని మహిళల్లో అది డెసిలీటరుకు 12 గ్రాముల కన్నా తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తాం. మీకు గురక ఉందేమో ఇంట్లోవారిని అడిగి తెలుసుకోండి. గట్టిగా గురక పెట్టడం, మధ్యలో ఊపిరి ఆగినట్టవడం, పొద్దున్నే తలనొప్పితో లేవడం ఉంటే స్లీప్ అప్నియా కోసం పరీక్ష చేయించాలి. అది కూడా బీపీని పెంచుతుంది.

ఇక మీ మాత్రల విషయం. సమయపాలన అన్నిటికన్నా ముందు అవసరమైనది ఇక్కడే. థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట సేపు కాఫీ, టీ, టిఫిన్ ఏవీ తీసుకోకూడదు. కాఫీతో వేసుకుంటే మందు ఒంటికి పూర్తిగా పట్టదు. ఐరన్, కాల్షియం మాత్రలకు, థైరాయిడ్ మాత్రకు మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. మీరు 4:45కు లేవగానే మాత్ర వేసుకుని, వంటింట్లో మొదటి కుక్కర్ దించాక కాఫీ కలుపుకుంటే మీ దినచర్యలో ఒక్క నిమిషం కూడా అదనంగా ఖర్చు కాదు. మంచం పక్కన గ్లాసు నీళ్లు, మాత్రల డబ్బా రాత్రే పెట్టుకోండి. ఐరన్ మాత్రను పర్సులో ఉంచుకుని ఆఫీసులో పదకొండు గంటలకు నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి, దానికి అటొక గంట, ఇటొక గంట టీ జోలికి వెళ్లవద్దు. పొద్దున వీలు కానేకాదంటే, రాత్రి భోజనమైన మూడు గంటల తర్వాత థైరాయిడ్ మాత్ర వేసుకునే పద్ధతి కూడా ఉంది గానీ, పన్నెండింటిదాకా మేలుకుని ఉండటానికి దాన్ని సాకు చేసుకోకూడదు. పద్ధతి మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూస్తే, మోతాదు మార్చాలో లేదో మీ వైద్యులు నిర్ణయిస్తారు. నాలుగేళ్ల కాఫీ ప్రభావం ఎంతో తెలియకుండా మోతాదు పెంచడం తొందరపాటు.

బీపీ 146/92 అన్నది ఒక్కసారి, అదీ బహుశా ఆదరాబాదరాగా చూపించుకున్న అంకె. ఇంట్లో డిజిటల్ యంత్రంతో, మూత్రానికి వెళ్లి వచ్చి, ఐదు నిమిషాలు వీపు ఆనించి మౌనంగా కూర్చుని, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చొప్పున ఏడు రోజులు చూసి రాసుకోండి. దానికి ముందు అరగంట కాఫీ తాగకూడదు. సగటు 135/85 లేదా అంతకు మించి ఉంటే వెంటనే వైద్యులను కలవండి. వారానికి 55 గంటలు లేదా అంతకు మించి పని చేసేవారిలో, 35 నుంచి 40 గంటలు పని చేసేవారితో పోలిస్తే, పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించాయి. ఆఫీసు వేళలకు రాత్రి పనిని కూడా కలిపితే మీరు దాదాపు ఆ గీత మీదే ఉన్నారు.

ఇప్పుడు సమయం సంగతి. డైరీలు, యాప్‌లు మీ విషయంలో విఫలం కావడానికి కారణం, అవన్నీ రేపు ఏం చేయాలో అడుగుతాయే తప్ప నిన్న ఏం జరిగిందో అడగవు. తలనొప్పితో వచ్చినవారిని మేము ముందు కొన్నాళ్లు తలనొప్పి ఎప్పుడు, ఎంతసేపు వచ్చిందో రాసుకు రమ్మంటాం. మీరూ అలాగే మూడు రోజులు, అందులో ఒకటి ఆదివారం అయ్యేలా చూసుకుని, పాత క్యాలెండర్ కాగితం వెనక అరగంటకొక గీత గీసి, ఆ అరగంటలో నిజంగా ఏం చేశారో రెండు మాటల్లో రాయండి. మార్చడానికి ప్రయత్నించకండి, రాయండి చాలు. ఇలా రాసుకు వచ్చినవారి కాగితాల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించేవి మూడు. ఒకసారి చేసిన పనినే మళ్లీ చేయడం ఒకటి. ఈ పూట ఏం వండాలి, ఏ బట్టలు ఉతకాలి అనే ఆలోచనలో కరిగిపోయే అరగంటలు రెండోది. ఒక్క నిమిషమని తెరిచిన ఫోన్ మూడోది. ఈ కాగితం ఎవరికీ చూపించనక్కరలేదు కాబట్టి ఫోన్ విషయంలో అబద్ధం రాసుకోకండి.

ఏ పనికి ఎంతసేపు పడుతుందన్న అంచనాలో మనమంతా పొరపాటు పడతాం. ఈ సలహా రాస్తున్న నేనూ మినహాయింపు కాదు. పన్నెండున్నరకు ముగుస్తుందనుకున్న నా ఓపీ రెండింటికి గానీ ముగియదని బయట బెంచీ మీద కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. కొన్నేళ్లుగా నేను పాటిస్తున్న మోటు లెక్క ఒకటుంది. గంటలో అయిపోతుందనిపించిన పనికి గంటన్నర కేటాయిస్తాను. అలా వేసుకుంటే రోజులో పట్టే పనుల జాబితా మూడింట రెండు వంతులకు పడిపోతుంది. మిగిలిన ఒక వంతు ఈ రోజు కాదని పొద్దున్నే తెలియడం, రాత్రి పన్నెండింటికి తెలియడం కన్నా ఆరోగ్యకరం.

ఆఫీసులో మీ బుర్ర బాగా పని చేసే వేళ ఏదో కాగితమే చెబుతుంది, ఎక్కువమందికి అది ఉదయం మొదటి రెండు గంటలు. తప్పు జరిగితే ఖరీదైన పనులు, అంటే రీకన్సిలియేషన్ వంటివి, అప్పుడే పెట్టుకోండి. బిల్లులు ఫైల్ చేయడం, మెయిల్స్‌కు జవాబులివ్వడం మధ్యాహ్నం నిద్ర ముంచుకొచ్చే వేళకు వదిలేయండి. ఇరవై ఐదు నిమిషాలు ఒకే పని, ఆపై ఐదు నిమిషాల విరామం అనే పద్ధతిని 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో మొదలుపెట్టాడు. మీవంటి లెక్కల పనికి అది బాగా నప్పుతుంది. మనుషులు వచ్చి నిలబడే కౌంటర్లలో పని చేసేవారికి అది పనికిరాదు, వారు అందుకు బాధపడనక్కరలేదు. టీడీఎస్ (చెల్లింపుల్లో ముందే కోసిన ఆదాయపు పన్ను) కట్టడానికి 7, జీఎస్‌టీ రిటర్నులైన జీఎస్‌టీఆర్-1కు 11, జీఎస్‌టీఆర్-3బీకి 20 తేదీలని మీకు నేను చెప్పనక్కరలేదు. పంచాంగంలో పండుగలైనా ఒకరోజు అటూ ఇటూ అవుతాయి గానీ, మార్చి నెల టీడీఎస్‌కు ఏప్రిల్ 30 దాకా గడువు ఉండటం, ఎప్పుడో గడువు పొడిగించడం తప్ప ఇవి నెలనెలా అవే. కాబట్టి ఆ తేదీలకు ముందు మూడు రోజుల్లో పేరెంట్స్ మీటింగు, గ్యాస్ సర్వీసు, చుట్టాల ఇంటికి ప్రయాణం పెట్టుకోకుండా ఏడాది క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తులు పెట్టండి. మేనేజరు కొత్త పని ఇచ్చినప్పుడు ‘కుదరదండీ’ అనడం అందరికీ సాధ్యం కాదు. ‘సార్, నా దగ్గర ఇప్పటికే ఈ రెండు ఉన్నాయి, ఏది ముందు పూర్తి చేయమంటారు?’ అని అడగడం మాత్రం సాధ్యమే. అప్పుడు ఏది ఆగాలో నిర్ణయించే బరువు ఆయన మీదకు వెళ్తుంది.

అయితే మీ కాగితం మీద అన్నిటికన్నా పొడవైన గీత ఇంటిపనిదే అవుతుందని నా అనుమానం. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే మహిళలు సగటున రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. ఎంత నేర్పుగా సమయం సర్దుకున్నా ఈ మూడు గంటల ఇరవై రెండు నిమిషాల తేడాను మీరొక్కరే మింగలేరు. మీవారిని ‘కాస్త సాయం చేయండి’ అని అడగకండి. సాయంలో చేతిపని మాత్రమే పంచుకుంటారు, గుర్తుంచుకునే పని మీ తలలోనే ఉండిపోతుంది. ఒక పనిని మొదలు నుంచి చివరిదాకా అప్పగించండి. ఉదాహరణకు ఇడ్లీ పిండి ఆయన బాధ్యత అనుకుంటే, మినప్పప్పు అయిపోవచ్చిందని గమనించడం, తెప్పించడం, నానబెట్టడం, రుబ్బడం, గిన్నె కడగడం అన్నీ ఆయనవే. షిఫ్టుల ఉద్యోగం కాబట్టి రోజూ ఒకే వేళకు చేయాల్సిన పనుల కన్నా ఇటువంటివే ఆయనకు అనువు. ఒకసారి పిండి పులియకపోతే ఆ పూట ఉప్మాతో సరిపెట్టండి, పనిని మాత్రం వెనక్కి తీసుకోకండి. ఆరో తరగతి పిల్లవారు తమ క్యారేజీ, నీళ్ల సీసా, మర్నాటి పుస్తకాల సంచి తామే చూసుకోగలరు. అత్తగారికి ఓపిక ఉంటే చిన్నవారి చదువు పక్కన అరగంట కూర్చోవడం ఆవిడకూ కాలక్షేపమే, లేకపోతే బలవంతపెట్టకూడదు.

ఇలా ఖాళీ అయిన సమయం ముందుగా నిద్రకే వెళ్లాలి. రాత్రి పన్నెండు నుంచి ఒక్కసారిగా తొమ్మిదిన్నరకు మారడం జరిగే పని కాదు. వారానికి ఇరవై నిమిషాల చొప్పున ముందుకు జరపండి. పొద్దున వంటలో కొంత రాత్రికి మారి, లేచే వేళ 5:30 అయితే, పడుకోవడం పదిన్నరకైనా లెక్క కుదురుతుంది. కాఫీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం మూడు తర్వాత కాఫీ, టీ మానేయండి. వ్యాయామానికి వేరే గంట వెతకనక్కరలేదు. వారానికి 150 నిమిషాల వేగపు నడక వంటి శ్రమ చాలు. ఒక్కోసారి పది నిమిషాలైనా ఉండాలన్న పాత షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది. కూకట్‌పల్లి నుంచి మెట్రోలో వెళ్తుంటే అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు ఎస్కలేటర్ వదిలి మెట్లు ఎక్కండి. ఆయాసం వస్తే మాత్రం ఆగి, హిమోగ్లోబిన్ ఫలితం చూశాకే మళ్లీ మొదలుపెట్టండి.

ఛాతీలో నొప్పి లేదా బరువు, ఉన్నట్టుండి మాట తడబడటం, ఒక చేయి లేదా కాలు బలహీనపడటం కనిపిస్తే ఏ పట్టికా చూసుకోకుండా 108కు ఫోన్ చేయండి. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, కారణం లేకుండా ఏడుపు రావడం ఉంటే అది పని ఒత్తిడేనని సర్దిచెప్పుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. రక్తపరీక్షల ఫలితాలు, ఏడు రోజుల బీపీ అంకెలు, మూడు రోజుల కాగితం ఈ నెలలోనే మీ వైద్యులకు చూపించండి. ఓపీలో ఆయన మొదటి రెండింటినే చూడబోతే, మూడోదాన్ని మీరే ముందుకు జరపండి.
– జనరల్ ఫిజీషియన్